మా వీధి తిండి లెక్క ఇలా వేశాం

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన నాలుగో రోజుకే మా వీధి చివరి గదుల్లో అద్దెకుండే మేస్త్రీ పనివాళ్ల పొయ్యి ఆగిపోయింది. అప్పుడు మా ఇంట్లో రెండు బస్తాల బియ్యం ఉన్నాయి. మధ్యలో ఉన్నవి పద్నాలుగు ఇళ్లే, అయినా సంగతి మాకు తెలియడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. మహబూబ్‌నగర్‌లో మాలాగా ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడిన వీధులు చాలా ఉన్నాయి. ఎవరింట్లో ఎంత తిండి ఉంది, ఎవరికి ఎప్పుడు అయిపోతుంది అనే ఈ లెక్క మీ వీధిలోనూ వేసుకోవాలనుకుంటే మేం చేసింది చెప్తాను.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి. ఇళ్లు కాదు, నోళ్లు రాయండి. మా దగ్గర 42 ఇళ్లు, 171 నోళ్లు. పక్కనే రెండు గడులు: రేషన్ కార్డు ఉందా, ఇంట్లో పసిపిల్లలు గానీ షుగర్ ఉన్నవాళ్లు గానీ ఉన్నారా. తొమ్మిది ఇళ్లకు, అంటే 34 మందికి, ఇక్కడ కార్డు లేదని తేలింది. అందులో మూడు ఇళ్ల కార్డులు నారాయణపేట వైపు సొంతూళ్లలో ఉన్నాయి. ఆ కార్డు మీద ఇక్కడి ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చని వాళ్లకు తెలియదు. ప్రతి నెలా బస్సు చార్జీ పెట్టుకుని ఊరికి పోయొస్తున్నారు!

తర్వాత బియ్యం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. 30 రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు. మా పక్కింటి వదిన నవ్వింది: "మా ఆయనకు ఒక్కపూటకే అయిపోతయి." కూలి పని చేసే మనిషికి రెండు పూటలకు 400 గ్రాములు వేసుకోండి. అంటే కార్డున్న ఇల్లయినా సగం నెల కొనుక్కోవాల్సిందే. ఏ ఇంటికి ఏ తారీఖుకు డబ్బా ఖాళీ అవుతుందో నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

ఉమ్మడిగా ఇంటికి కిలో బియ్యం, అరకిలో పప్పు తీశాం. 42 కిలోలంటే కార్డు లేని 34 మందికి మూడు రోజులు. తక్కువే. కానీ ఆ మూడు రోజుల్లో ఎవరినైనా అడగడానికి టైం దొరుకుతుంది. రెండు నెలలకోసారి పాతవి పంచేసి కొత్తవి పోయాలి.

పప్పు దగ్గరే నేను దెబ్బతిన్నాను. సంక్రాంతి దాటాక కందులు కొత్తగా వస్తాయి కదా అని మా ఊరి నుంచి ఇరవై కిలోలు తెప్పించి, డాబా మీద మూడు రోజులు ఎండబెట్టి, మూడో రోజు సాయంత్రం వేడివేడిగానే డ్రమ్ములో పోసి మూత బిగించాను. వారానికి తెరిస్తే మూత లోపల నీటి చుక్కలు, గుప్పుమని బూజు వాసన. మా అత్త చూసి ఒక్క మాటన్నది: "సల్లారనియ్యకుండ మూతేస్తరా?" ఎండిన గింజను రాత్రంతా ఇంట్లో చాప మీద పరిచి, పొద్దున డ్రమ్ములో పోయాలి. పంటి కింద టక్కుమని విరిగితేనే ఎండినట్టు. కిలోకు ఒక చెంచా ఆముదం రెండు చేతులతో పట్టించి, పైన ఎండు వేపాకు వేస్తే పురుగు తొందరగా రాదు.

అసలు కష్టం కూరగాయలతోనే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాములు తినమంటుంది. మా వీధికి అది 68 కిలోలు. వారం రోజులు తోపుడు బండి దగ్గర నిలబడి రాసుకున్నాను, అందులో సగం కూడా కొనడం లేదు. టౌన్ చుట్టూ ఒకప్పుడు కూరగాయలు పండిన చేలల్లో ఇప్పుడు వెంచర్ల రాళ్లు పాతారు. ఎండాకాలం టమాటా మదనపల్లి నుంచి రావాల్సిందే.

డాబా మీద పెంచితే సరిపోతుందని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఆకుకూర వరకే అది. ఖాళీ సిమెంటు సంచి కడిగి, అడుగున నాలుగు చిల్లులు పొడిచి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు నింపండి. తోటకూర 25, 30 రోజుల్లో కోతకొస్తుంది. అన్ని సంచుల్లో ఒకేసారి చల్లకుండా వారానికి రెండేసి చల్లుకుంటూ పోతే ఏ వారమూ ఖాళీ ఉండదు. మేలో పైన పాత చీర కట్టాలి. కోతులకు మాత్రం నా దగ్గర మందు లేదు.

ఉల్లిగడ్డకు దేవరకద్ర మార్కెట్‌కు పోతాం. బుధవారం వేలం అయ్యాక ఆరిళ్లకు ఒక బస్తా, ఆటో చార్జీ పంచుకుంటాం. ఇంటికి తెచ్చిన రోజే బస్తా విప్పి మంచం కింద గాలికి పరచాలి. మెత్తబడిన గడ్డలు ఆ పూటే వండేయాలి.

నోట్‌బుక్ మాత్రం ప్రతి నెల ఐదో తారీఖున తిరగరాయండి. అద్దెకుండేవాళ్లు మారేది నెల మొదట్లోనే. పోయిన నెల చివరి గదిలోకి ఐదుగురు వచ్చారు, ఇద్దరు చంటిపిల్లలు. మా లెక్క ఇప్పుడు 176.