న్యూజిలాండ్‌లో డాక్టర్‌గా రిజిస్ట్రేషన్: దరఖాస్తు విధానం, ఆసుపత్రి ఎంపిక, భూకంప ముప్పు

న్యూజిలాండ్‌లో వైద్యం చేయాలంటే ముందు మెడికల్ కౌన్సిల్ ఆఫ్ న్యూజిలాండ్‌లో రిజిస్టర్ కావాలి. ఆపైన ఏటా ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 2003లో వచ్చిన హెల్త్ ప్రాక్టీషనర్స్ కాంపిటెన్స్ అష్యూరెన్స్ చట్టం దీనికి ఆధారం. వీసా సంగతి ఇమిగ్రేషన్ శాఖ చూస్తుంది. రిజిస్ట్రేషన్‌తో దానికి సంబంధం ఉన్నా ఫైలు మాత్రం వేరు. ఈ రెంటినీ ఒకటే అనుకుని ఏజెంటు చేతిలో పెట్టేసేవాళ్లు మనలో చాలామంది. కౌన్సిల్‌కు దరఖాస్తు నేరుగా ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోవచ్చు. మధ్యలో ఎవరికీ డబ్బు కట్టాల్సిన పని లేదు.

బయట దేశాల్లో చదివినవాళ్లకు మొదట ఇచ్చేది ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్. అది ఒక ఉద్యోగానికి, ఒక యజమానికి, ఒక సూపర్‌వైజర్‌కు ముడిపడి వస్తుంది. ఊరు నచ్చలేదని నెల తిరగకుండా మారిపోవడం కుదరదు. కొత్త పోస్టుకు కౌన్సిల్ మళ్లీ అనుమతి ఇవ్వాలి. అందుకే ఆసుపత్రిలో ఏ వసతులున్నాయి, ఆ నేల ఎంత కదులుతుంది అన్నవి చేరాక ఆలోచించాల్సినవి కావు. దరఖాస్తుతో పాటే చూసుకోవాలి. పరీక్షల గురించి చెప్పేవాళ్లు ఎంతోమంది ఉన్నారు గానీ ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మీరు ఏ దారిలోకి వస్తారు

కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీ వివరాలు ఇస్తే మీకు ఏ దారి వర్తిస్తుందో చూపే సదుపాయం ఉంది. డబ్బు కట్టే ముందు అది చూసుకోండి.

ఎంబీబీఎస్ ఇక్కడే చదివినా, తర్వాత బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, సింగపూర్ లాంటి చోట్ల పనిచేస్తున్నవాళ్లకు 'కంపేరబుల్ హెల్త్ సిస్టమ్' దారి ఉంది. గత 48 నెలల్లో కనీసం 33 నెలలు, వారానికి 30 గంటలకు తగ్గకుండా అలాంటి దేశంలో పనిచేసి ఉండాలి. అలా అయితే న్యూజిలాండ్‌లో క్లినికల్ పరీక్ష రాయక్కర్లేదు. ఇండియా ఆ జాబితాలో లేదు, గల్ఫ్ దేశాలూ లేవు. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో పదేళ్ల అనుభవం ఉన్నా ఈ దారి తెరుచుకోదు.

పీజీ చేసి స్పెషలిస్టుగా స్థిరపడినవాళ్లకు వొకేషనల్ రిజిస్ట్రేషన్ ఉంది. మీ శిక్షణ, అనుభవం అక్కడి స్పెషలిస్టు స్థాయికి సరితూగుతాయో లేదో సంబంధిత కాలేజీ (అంటే ఆ స్పెషాలిటీ డాక్టర్ల వృత్తి సంస్థ) పరిశీలించి కౌన్సిల్‌కు సలహా ఇస్తుంది. దానిమీద మీకు పర్యవేక్షణలో పని మాత్రమే సరిపోతుందా, అదనంగా అసెస్‌మెంట్ కావాలా అని తేలుస్తారు. దీనికి నెలలు పడుతుంది. పీజీలో చేసిన కేసుల లాగ్‌బుక్, డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకంతో ఉన్న రొటేషన్ల వివరాలు ఇప్పుడే సంపాదించుకోండి. ఆ హెచ్‌ఓడీ రిటైరయ్యాక ఆ కాగితాలు పుట్టించడం ఎంత కష్టమో పీజీ చేసినవాళ్లకు తెలుసు.

హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఎంబీబీఎస్ చేసి ఇక్కడే పనిచేస్తున్నవాళ్లకు, ఫిలిప్పీన్స్, జార్జియా, చైనాలలో చదివి వచ్చినవాళ్లకు సాధారణంగా మిగిలేది ఎన్‌జెడ్‌రెక్స్, అంటే న్యూజిలాండ్ రిజిస్ట్రేషన్ పరీక్ష దారి. చదివిన కాలేజీ వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్‌లో ఉండాలి. ముందుగా అమెరికా యూఎస్‌ఎంఎల్‌ఈ స్టెప్ 1, స్టెప్ 2 సీకే గానీ, ఆస్ట్రేలియా ఏఎంసీ ఎంసీక్యూ గానీ, బ్రిటన్ ప్లాబ్ మొదటి భాగం గానీ పాసై ఉండాలి. ఆ తర్వాతే ఎన్‌జెడ్‌రెక్స్ క్లినికల్. అది న్యూజిలాండ్ వెళ్లి రాయాలి, 16 స్టేషన్లు (ఒక్కోచోట ఒక్కో చిన్న పరీక్ష) ఉంటాయి. మన ప్రాక్టికల్ పరీక్షలా లాంగ్ కేసు, షార్ట్ కేసు ఉండవు. రోగితో ఎలా మాట్లాడారు, అనుమతి ఎలా అడిగారు, అక్కడి మూలవాసులైన మావోరీల కుటుంబంతో ఎంత గౌరవంగా వ్యవహరించారు అన్నవాటికి కూడా మార్కులుంటాయి.

కాగితాల దగ్గర మనవాళ్లకు వచ్చే చిక్కులు

ఇంగ్లిష్ మీడియంలో ఎంబీబీఎస్ చదివామంటే సాధారణంగా సరిపోదు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో స్పీకింగ్, లిజనింగ్ 7.5 చొప్పున, రీడింగ్, రైటింగ్ 7 చొప్పున, ఒకే సిట్టింగ్‌లో రావాలి. లేదంటే వైద్యరంగం వాళ్ల కోసం పెట్టే ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీలో నాలుగు భాగాల్లోనూ కనీసం 350 రావాలి. డాక్టర్లకు ఓఈటీయే సులువని నా అభిప్రాయం. అందులో రాయాల్సిన ఉత్తరం రిఫరల్ లెటర్ లాంటిదే కాబట్టి రోజూ చేసే పనికి దగ్గరగా ఉంటుంది.

డిగ్రీ సర్టిఫికెట్లను విదేశీ వైద్య పట్టాలను పరిశీలించే అమెరికా సంస్థ ఈసీఎఫ్‌ఎంజీ ద్వారా అసలు యూనివర్సిటీ నుంచే ధ్రువీకరిస్తారు. మనకు రెండు చిక్కులు వచ్చేది ఇక్కడే. ఒకటి యూనివర్సిటీ పేరు. విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ 1986లో మొదలై తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టుకుంది. 2022లో వైఎస్సార్ పేరుకు మారి, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరుకు వచ్చింది. తెలంగాణ కాలేజీలు తర్వాత వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ కిందికి వచ్చాయి. మీ పట్టా మీద ఏ పేరుంటే ఆ పేరే దరఖాస్తులో రాయండి. ఇప్పుడున్న పేరు వేరైతే ఆ వివరం పక్కన చేర్చండి.

రెండోది మన ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు బదులు ఒక అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పట్టాలో ఇంటిపేరు ముందుంటే పాస్‌పోర్టులో చివర ఉంటుంది. పెళ్లయ్యాక పేరు మారిన డాక్టరమ్మలకు ఇంకో మెలిక. ఇవన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ముందుగానే సిద్ధం చేసుకుంటే వారాల ఆలస్యం తప్పుతుంది.

మీ మీద చర్యలేమీ లేవని మెడికల్ కౌన్సిల్ ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ మాత్రం తొందరపడి తీసుకోకండి. అది ఎక్కువ కాలం చెల్లదు. ఈమధ్య ఏయే చోట్ల పనిచేశారో అక్కడి కౌన్సిళ్లన్నిటి నుంచీ కావాలి. ఏపీ, తెలంగాణ మెడికల్ కౌన్సిళ్లలో రిజిస్ట్రేషన్ రెన్యువల్ పెండింగ్‌లో ఉంటే ముందు అది పూర్తి చేసుకోండి.

పాసైనంత మాత్రాన ఉద్యోగం రాదు

ఎన్‌జెడ్‌రెక్స్ పాసైనవాళ్లు మళ్లీ మొదటి ఏడాది హౌస్ ఆఫీసర్‌గా (మన ఇంటర్న్ లాంటి జూనియర్ డాక్టరుగా) చేరాలి. ఆ సీట్లు ముందు ఆక్లాండ్, ఒటాగో యూనివర్సిటీల పట్టభద్రులకు వెళ్తాయి. మిగిలినవే బయటివాళ్లకు. పాసై కూడా పోస్టు దొరక్క ఏళ్లు ఎదురుచూసినవాళ్లు ఉన్నారు. 2025లో అక్కడి ప్రభుత్వం బయట చదివిన డాక్టర్లకు ప్రైమరీ కేర్‌లో 100 వరకు స్థానాలు ఇస్తామని ప్రకటించింది. మంచిదే, కానీ దాన్ని నమ్ముకుని ఇక్కడి ఉద్యోగం వదిలేయకండి. అప్పు తెచ్చి ఈ దారి పట్టాలనుకునేవాళ్లు ఈ ఒక్క పేరా ఇంట్లోవాళ్లతో కలిసి చదవాలని నా కోరిక.

ఒప్పందంపై సంతకం చేసే ముందు

పోస్టు ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు చిన్న ఊళ్లలో, పల్లె ఆసుపత్రుల్లో. అక్కడివాళ్లు వెళ్లడానికి ఇష్టపడని చోటే ఖాళీలు ఎక్కువ. అలాంటి చోట వసతుల ప్రశ్న, భూకంపం ప్రశ్న ఒక్కటే అవుతాయి.

దక్షిణ దీవి పడమటి తీరంలోని గ్రేమౌత్‌నే తీసుకోండి. 2020లో అక్కడ టె నీకావు అనే కొత్త ఆసుపత్రి తెరిచారు. పెద్ద కేసు వస్తే పంపాల్సింది కొండల అవతల ఉన్న క్రైస్ట్‌చర్చ్‌కు. హెలికాప్టర్‌లో గానీ, ఆర్థర్స్ పాస్ మీదుగా ఉన్న రోడ్డున గానీ పంపాలి. ఆ కొండల పొడవునా వెళ్లేదే ఆల్పైన్ ఫాల్ట్ అనే భూమి పగులు. అది చివరిసారి పెద్దఎత్తున కదిలింది 1717లో. రాబోయే 50 ఏళ్లలో మళ్లీ కదిలే అవకాశం సుమారు 75 శాతమని 2021లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అప్పుడు ఆసుపత్రి భవనం నిలబడినా రోడ్డు ఉండకపోవచ్చు. అలాంటి చోట రిఫర్ చేసే దారే మీకున్న పెద్ద వనరు. అది తెగితే చేతిలో ఉన్న మందులు, ఉన్న రక్తం, ఉన్న మనుషులతోనే నెట్టుకురావాలి.

ఇది ఊహ కాదు. 2016 నవంబరు 14 అర్ధరాత్రి దాటాక 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు కైకోరా పట్టణానికి అన్ని దారులూ మూసుకుపోయాయి. జనాన్ని నౌకాదళం ఓడల్లో, హెలికాప్టర్లలో తరలించారు. ప్రధాన రహదారి తెరుచుకునేసరికి 2017 డిసెంబరు వచ్చింది.

క్రైస్ట్‌చర్చ్ కథ ప్రతి డాక్టరూ తెలుసుకోవాలి. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం 12:51కి వచ్చిన కుదుపులో 185 మంది చనిపోయారు. వాళ్లలో 115 మంది సీటీవీ అనే టీవీ సంస్థ పేరున్న భవనం ఒక్కదానిలోనే. ఆ భవనంలో ఒక క్లినిక్ ఉంది, విదేశీ విద్యార్థులు చదివే ఇంగ్లిష్ భాషా బడి ఉంది. అక్కడ నర్సుగా పనిచేయడానికి భాష నేర్చుకుంటున్న ఫిలిప్పీన్స్ అమ్మాయిలు ఆ బడిలో ఉన్నారు. మనలాగే కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్లు. అదే రోజు ఊళ్లో యూరాలజిస్టుల సదస్సు జరుగుతోంది. అక్కడి డాక్టర్లు కూలిన ఇంకో భవనంలోకి దూరి, చేతికందిన పనిముట్లతో శిథిలాల మధ్యే ఒకతని కాళ్లు తీసి ప్రాణం కాపాడారు. పెద్దాసుపత్రిలో కరెంటు పోయింది, జనరేటర్లు కూడా ఇబ్బంది పెట్టాయి. ఇంధనం ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కుదుపుకు పైకి లేచి అడ్డం పడింది.

అందుకే ఇంటర్వ్యూలో జీతం, సెలవులతో పాటు ఇవీ అడగండి: దగ్గరలో సీటీ స్కాన్ ఎక్కడుంది? రాత్రి పూట ఎవరు తీస్తారు? ఐసీయూ ఎంత దూరం? నా సూపర్‌వైజర్ అదే భవనంలో ఉంటారా, ఫోన్‌లోనే దొరుకుతారా? దారి మూసుకుపోతే ఏం చేయాలన్న ప్రణాళిక ఉందా? వాళ్లు వీటిని తప్పుపట్టరు. ఆ దేశంలో భూకంపం గురించి అడగడం మామూలు విషయం.

భవనం గురించి కూడా అడగవచ్చు. పునాదికీ భవనానికీ మధ్య సీసం గుండె ఉన్న రబ్బరు బేరింగులు పెట్టి కుదుపును తగ్గించే పద్ధతిని కనిపెట్టింది న్యూజిలాండ్ వాళ్లే. వెల్లింగ్టన్ రీజనల్ హాస్పిటల్, క్రైస్ట్‌చర్చ్‌లో 2020లో తెరిచిన వైపాపా భవనం ఇలా కుదుపును తట్టుకునే పునాదుల మీద కట్టినవే. అంత పెద్ద భవనాల్లో పనిచేయడం కన్నా, పాత ఇటుక భవనంలో అద్దెకున్న ప్రైవేటు క్లినిక్‌లో పనిచేయడమే ఎక్కువ ప్రమాదం కావచ్చు. కొత్త భవన ప్రమాణంలో 34 శాతం కూడా అందుకోలేని భవనాలను భూకంపానికి ప్రమాదకరమైనవిగా గుర్తించి, అందరూ చూసేలా రిజిస్టర్‌లో పెడుతూ వచ్చారు. ఈ పద్ధతిని మారుస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించింది. ఏదేమైనా క్లినిక్ చిరునామాతో వెతికి చూడటానికి అయిదు నిమిషాలు చాలు.

ఊరిని బట్టి ముప్పు చాలా మారుతుంది. ఇంజినీర్లు వాడే హజార్డ్ ఫ్యాక్టర్ (ఈ అంకె పెరిగితే కుదుపు ముప్పు ఎక్కువ) ఆక్లాండ్‌కు, డునెడిన్‌కు 0.13. క్రైస్ట్‌చర్చ్‌కు 0.22 ఉండేది, 2011 తర్వాత 0.3 చేశారు. వెల్లింగ్టన్‌కు 0.4. తూర్పు తీరాన ఉన్న గిస్బోర్న్, నేపియర్‌లకు సముద్రంలో రెండు భూమి పలకలు కలిసే హికురంగి అంచు దగ్గర. అక్కడ సునామీ భయం కూడా ఉంది. 1931లో నేపియర్ భూకంపంలో 256 మంది పోయారు, ఆసుపత్రి నర్సుల హాస్టల్ కూలిపోయింది. ఆక్లాండ్ కింద అగ్నిపర్వతాల క్షేత్రం ఉందన్నది వేరే సంగతి.

భద్రాచలంలో 1969లో 5.7, ములుగులో 2024 డిసెంబరులో 5.3 తప్ప మన రెండు రాష్ట్రాల వాళ్లకు నేల కదలడం పెద్దగా అనుభవం లేదు. అందుకే కొందరు అతిగా భయపడతారు, కొందరు అసలు పట్టించుకోరు. నా దృష్టిలో భూకంపం కారణంగా ఆ దేశాన్నే వద్దనుకోవక్కర్లేదు. కానీ కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లు, రెండు పోస్టులు చేతిలో ఉంటే, రిఫరల్ దారి ఒక్కటే ఉన్న ఊరి కన్నా రెండు దారులున్న ఊరిని ఎంచుకోవడం మేలు.

వైద్య వసతుల విషయంలో ఇంకో అలవాటు మార్చుకోవాలి. హైదరాబాద్‌లో అదే రోజు ఎంఆర్ఐ తీయించవచ్చు. అక్కడ ప్రభుత్వ వ్యవస్థలో అత్యవసరాన్ని బట్టి వంతు వస్తుంది. మందులు కూడా 1993 నుంచి ఫార్మాక్ సంస్థ ఎంపిక చేసినవే ప్రభుత్వ ఖర్చుతో దొరుకుతాయి. మీరు రోజూ రాసే మందు ఆ జాబితాలో లేకపోవచ్చు. ఆ జాబితా అందరికీ అందుబాటులో ఉంది, చేరకముందే చూసుకోండి.

ఇల్లు, బీమా

ఇల్లు కొంటే కౌన్సిల్ నుంచి లిమ్ రిపోర్టు (ఆ స్థలం గురించి కౌన్సిల్ దగ్గరున్న వివరాల పత్రం) తీసుకోండి. ఇక్కడ కౌన్సిల్ అంటే మెడికల్ కౌన్సిల్ కాదు, ఊరి పాలక సంస్థ. అగ్నిప్రమాద బీమా ఉన్న ఇంటికి భూకంప నష్టంలో మొదటి 3 లక్షల న్యూజిలాండ్ డాలర్ల వరకు, జీఎస్టీ అదనంగా, ప్రభుత్వ నేచురల్ హజార్డ్స్ కమిషన్ భరిస్తుంది. ఇంట్లో సామాన్లకు 2019 జూలై నుంచి ఆ రక్షణ లేదు. అద్దెకుండేవాళ్లు సామాన్ల బీమా విడిగా తీసుకోవాలి.

చివరి మెట్టు

ఉద్యోగ ఆఫరు, సూపర్‌వైజర్ వివరాలు, ధ్రువీకరించిన డిగ్రీలు, ఇంగ్లిష్ స్కోరు, రిఫరీల పేర్లు అన్నీ సమర్పించాక కౌన్సిల్ సూత్రప్రాయంగా ఒప్పుకుంటుంది. అసలు పత్రాలతో న్యూజిలాండ్‌లో హాజరయ్యాకే రిజిస్ట్రేషన్ పూర్తవుతుంది. డాక్టర్ల ఉద్యోగాలు గ్రీన్ లిస్టు (మనుషుల కొరత ఉన్న ఉద్యోగాల జాబితా) మొదటి శ్రేణిలో ఉన్నాయి. కాబట్టి రిజిస్ట్రేషన్, గుర్తింపు పొందిన యజమాని ఇచ్చిన ఉద్యోగం ఉంటే, వయసు 55 దాటకపోతే నేరుగా రెసిడెన్స్ వీసాకు దరఖాస్తు చేయవచ్చు. పోలీస్ క్లియరెన్స్ మన పాస్‌పోర్టు ఆఫీసు నుంచి తీసుకోవాలి. పనిలో చేరాక పోస్టు గానీ సూపర్‌వైజర్ గానీ మారాల్సి వస్తే, రాజీనామా ఇవ్వకముందే కౌన్సిల్‌కు రాసి అనుమతి చేతికి వచ్చేదాకా పాత చోటే కొనసాగండి.