గప్పీ పిల్లల పెంపకం: పుట్టిన రోజు నుంచి పెద్ద ట్యాంక్ దాకా వచ్చే సమస్యలు, పరిష్కారాలు

గప్పీలు అనే చిన్న అక్వేరియం చేపలు పిల్లల్ని పెట్టడానికి మన సాయం అక్కర్లేదు. ఆడదీ మగదీ ఒక ట్యాంక్‌లో ఉంటే చాలు, 3 నుంచి 4 వారాలకోసారి కొత్త పిల్లలు కనిపిస్తాయి. ఆడ గప్పీ మగదాని బీజాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి, మగది లేకపోయినా మళ్ళీ మళ్ళీ పెడుతుంది. కష్టమంతా ఆ పిల్లల్ని బతికించడంలోనే. ఎదగాలంటే వాటికి రోజుకు చాలాసార్లు మేత వేయాలి. మేత ఎక్కువైతే నీళ్ళు పాడవుతాయి. నీళ్ళు పాడైతే ముందు పోయేది ఆ చిన్న ప్రాణాలే. కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఈ చిక్కుముడే.

రాత్రి ఇరవై పిల్లలున్నాయి, పొద్దునకు ఐదే మిగిలాయి

తినేశాయి. తల్లి కూడా తింటుంది, దానికి తన పిల్లలన్న తేడా తెలియదు. పుట్టినప్పుడు పిల్ల పొడవు 6 నుంచి 8 మిల్లీమీటర్లు, పెద్ద గప్పీ నోటికి సరిపోయే ముక్క. జావా మాస్ లాంటి నాచు దట్టంగా ఉంటే కొన్ని దాక్కుని బతుకుతాయి. ఎక్కువ బతకాలంటే పిల్లల్ని వేరే ట్యాంక్‌లోకి మార్చాలి. పెట్టబోయే తల్లిని చివరి నిమిషంలో పట్టి చిన్న పెట్టెలో వేయకండి. ఆ బెదురుకు నెలలు నిండకుండానే పెట్టేయవచ్చు. పొట్ట పలకలా చదరంగా కనిపించే ముందే మార్చండి, లేదా పుట్టాక పిల్లల్నే తీయండి.

ట్యాంక్‌లో వేరే చేప ఏదీ లేకపోయినా లెక్క తగ్గుతుంటే ఫిల్టర్ చూడండి. మోటార్ ఫిల్టర్ నీళ్ళు పీల్చుకునే చోట పిల్లలు అతుక్కుని చచ్చిపోతాయి. పిల్లల ట్యాంక్‌కు ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టరే సరైనది.

నీటిపైకొచ్చి నోరు తెరుస్తున్నాయి, రోజుకు ఒకటో రెండో పోతున్నాయి

ముందు మందు సీసా పక్కన పెట్టి నీళ్ళు పరీక్షించండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. అప్పుడే నీళ్ళు పోసిన ట్యాంక్‌లో వ్యర్థాలను కరిగించే బాక్టీరియా ఉండదు, అందుకే మేత మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే అమోనియా పేరుకుంటుంది. గప్పీలకు నచ్చే క్షార గుణమున్న వెచ్చటి నీళ్ళలో దాని విషం ఇంకా ఎక్కువ.

వెంటనే మూడోవంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళు అదే వేడిలో ఉండాలి, క్లోరిన్ తీసేసినవై ఉండాలి. బకెట్‌లో రోజంతా నిలవ ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది కానీ క్లోరమిన్ (కొన్నిచోట్ల కుళాయి నీళ్ళలో కలిపే, క్లోరిన్ కంటే నిలవ ఉండే మందు) పోదు, దానికి క్లోరిన్ విరుగుడు మందు వాడాల్సిందే. ఆ రోజు మేత బాగా తగ్గించండి. అడుగున చేరిన చెత్తను ఎయిర్ పంప్ సన్న గొట్టంతో లాగండి. పెద్ద గొట్టమైతే పిల్లలూ వచ్చేస్తాయి. లాగిన నీళ్ళను తెల్లటి బకెట్‌లో పడితే పొరపాటున వచ్చిన పిల్ల కనిపిస్తుంది.

దీనికి శాశ్వత పరిష్కారం ఒక్కటే. స్పాంజ్ ఫిల్టర్‌ను పిల్లలు పుట్టకముందే 3, 4 వారాలు పెద్ద ట్యాంక్‌లో నడపండి. వ్యర్థాలను కరిగించే బాక్టీరియా అందులో చేరాక, అదే స్పాంజ్‌ను పిల్లల ట్యాంక్‌లోకి మార్చండి. దాన్ని కడిగేటప్పుడు కుళాయి కింద పెట్టకూడదు, క్లోరిన్‌కు ఆ బాక్టీరియా చస్తుంది, ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. నేను మొదట్లో మెరిసేలా కుళాయి కింద కడిగాను, ఆ వారంలోనే పిల్లలన్నీ పోయాయి. ఇప్పటికీ ఆ బాధ పోలేదు.

నెల దాటింది, ఇంకా దోమపిల్లల్లానే ఉన్నాయి

కారణాలు మూడు: తక్కువ మేత, చల్లటి నీళ్ళు, ఇరుకు. వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. చల్లబడితే ఆకలి మందగిస్తుంది.

మేత విషయంలో ఓపిక కావాలి. పిల్ల పొట్ట చిన్నది, ఒకేసారి ఎక్కువ పట్టదు. అందుకే రోజుకు 4, 5 సార్లు, ప్రతిసారీ రెండు నిమిషాల్లో అయిపోయేంత వేయాలి. ఫ్లేక్స్‌ను (రేకుల్లా ఉండే చేపల మేత) వేళ్ళ మధ్య పిండిలా నలిపి వేయండి. ఉడికించిన గుడ్డు పచ్చసొన చాలామంది చెబుతారు. నేను మాత్రం వద్దంటాను, అది నీళ్ళను పాడుచేసినంత వేగంగా ఇంకేదీ చేయదు.

అప్పుడే పొదిగిన ఆర్టీమియాను (ఉప్పునీళ్ళలో బతికే, రొయ్యలాంటి బుల్లి జీవి) మించిన మేత నేను చూడలేదు. లీటరు నీళ్ళలో సుమారు 25 గ్రాముల ఉప్పు కలిపి, గుడ్లు వేసి, గాలి బుడగలు గట్టిగా వదులుతూ వెచ్చగా ఉంచితే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి, ఒక మూల దీపం పెడితే నారింజ రంగు ఆర్టీమియా పిల్లలు వెలుతురు వైపు గుంపుగా చేరతాయి. వాటిని వడకట్టి, మంచినీళ్ళలో ఒకసారి కడిగి వేయండి. ఖాళీ పెంకులు పడనీయకండి. తిన్న పది నిమిషాలకు ట్యాంక్‌లోకి వంగి చూడండి: గాజులాంటి ఒంట్లోంచి నారింజ గింజలా మెరిసే పొట్ట కనిపిస్తుంది. పొట్ట ఇంకా పారదర్శకంగానే ఉన్న పిల్ల కనిపిస్తే, పెద్ద పిల్లలు దాన్ని మేత దగ్గరికి రానివ్వడం లేదన్నమాట. అలాంటివాటిని విడిగా పెంచండి.

ఇంత మేత వేస్తున్నప్పుడు రోజూ పదోవంతు నుంచి ఐదోవంతు దాకా నీళ్ళు మార్చాలి. మార్చే తీరిక లేని రోజు మేత కూడా తగ్గించాలి.

ఒకే చోట ఉండి వణికినట్టు ఊగుతున్నాయి

చాలాసార్లు నీళ్ళు మరీ మెత్తగా ఉండటం వల్లే. గప్పీలకు ఖనిజాలున్న గట్టి నీళ్ళు కావాలి. ఫిల్టర్‌లో కొంచెం పగడపు పొడి వేస్తే నెమ్మదిగా సర్దుకుంటుంది. వేడి పడిపోయిందేమో కూడా చూడండి.

వెన్ను వంకర, అడుగున పాకడం

పుట్టుకతోనే ఇలా ఉంటే బాగుపడటం అరుదు. వాటినుంచి సంతతి తీయకండి. బాగున్న పిల్లల్లో తర్వాత వరసగా వెన్నులు వంగి, ఒళ్ళు చిక్కుతుంటే అంటురోగం కావచ్చు. ఆ ట్యాంక్ చేపలేవీ పెద్ద ట్యాంక్‌లోకి వెళ్ళకూడదు.

పిల్లలే పిల్లల్ని పెట్టేస్తున్నాయి

మూడో వారం నుంచే విడదీయడానికి సిద్ధంగా ఉండండి. పొట్ట కింద, తోకకు ముందున్న రెక్క చూడాలి. ఆడపిల్లకు అది విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, దాని దగ్గరే నల్లటి మచ్చ కనిపిస్తుంది. మగపిల్లకు అదే రెక్క సన్నబడి పుల్లలా వెనక్కి వాలుతుంది. అలా సన్నబడటం మొదలైన పిల్లను ఆ రోజే తీసేయండి, తోక రంగు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

పెద్ద ట్యాంక్‌లో వదలగానే మాయమయ్యాయి, లేదా తోకలు చిరిగాయి

వయసు చూసి వదిలితే ఇలాగే అవుతుంది. చూడాల్సింది ఆ ట్యాంక్‌లో అన్నిటికంటే పెద్ద చేప నోరు. మామూలుగా పిల్ల ఒకటిన్నర నుంచి 2 సెంటీమీటర్లు కావాలి, అందుకు 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఏంజెల్ చేపలుంటే ఆ కొలత కూడా చాలదు. టైగర్ బార్బ్‌లున్న చోట పొడవు తోకల గప్పీలను అసలు వేయకండి, తోకలు కొరకడం వాటి స్వభావం.

వదిలే రోజు ముందుగా పెద్ద చేపల కడుపు నింపండి. పిల్లలున్న గిన్నెలోకి సన్న గొట్టంతో పెద్ద ట్యాంక్ నీళ్ళను చుక్కచుక్కగా గంటసేపు దింపండి. దీపాలు ఆర్పాక, మొక్కలు గుబురుగా ఉన్న వైపు, ఒకటి రెండు తప్ప మిగతా అన్నిటినీ ఒకేసారి వదలండి. ఒకటి రెండు చొప్పున వదిలితే తరుముడంతా వాటిమీదే పడుతుంది. మర్నాడు పొద్దున మేత వేసేటప్పుడు లెక్కపెట్టుకోండి. పిల్లల ట్యాంక్‌ను మరో వారం ఫిల్టర్ నడుపుతూ, అందులో ఆ మిగిలిన ఒకటి రెండు పిల్లల్ని ఉంచి అలాగే కొనసాగించండి. దెబ్బతిన్నదేదైనా ఉంటే వెనక్కి తేవడానికి అది సిద్ధంగా ఉంటుంది.