టొరెంట్ డౌన్‌లోడ్ నెమ్మదించినప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి

ఉబుంటు వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లనూ, లిబ్రె ఆఫీసునూ, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి ఉంచిన పాత తెలుగు పుస్తకాలనూ టొరెంట్ ద్వారా, అంటే ఆ ఫైలు ఉన్న అనేకమంది కంప్యూటర్ల నుంచి ముక్కలు ముక్కలుగా, చట్టబద్ధంగా దించుకోవచ్చు. అయితే వేగం పడిపోగానే చాలామంది రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు, కనిపించిన సెట్టింగులన్నీ ఒకేసారి మార్చేస్తారు, చివరికి ఎక్కువ ధర గల ప్లాన్‌కు మారిపోతారు. నా దృష్టిలో వీటన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఒక్కటే: ఆలస్యం ఆ ఫైలును పంచుతున్న గుంపులో ఉందా, మన ఇంట్లో ఉందా, లేక ఇంటి నుంచి నెట్ సంస్థ దాకా ఉన్న లైనులో ఉందా? ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూస్తూ పోతే ఈ మూడింటినీ విడదీయడం కష్టమేమీ కాదు.

ముందుగా లెక్క సరిచూసుకోవాలి. నెట్ సంస్థ చెప్పే 40 ఎంబీపీఎస్ అనేది మెగాబిట్లలో ఉంటుంది, టొరెంట్ సాఫ్ట్‌వేర్ చూపించే వేగం మెగాబైట్లలో ఉంటుంది. ఒక బైట్‌కు 8 బిట్లు కనుక 40 ఎంబీపీఎస్ లైనులో సెకనుకు 5 మెగాబైట్లకు మించి రావు. నాలుగున్నర వస్తున్నట్లయితే లోపమేమీ లేదని అర్థం. చాలా ప్లాన్లలో నెలవారీ డేటా పరిమితి దాటాక వేగం బాగా తగ్గిస్తారు కాబట్టి, నెలాఖరులోనే ఇబ్బంది వస్తుంటే ఖాతాలో వాడకం ఎంతయిందో చూసుకోవాలి.

ఆ తరువాత గుంపు సంగతి. ఫైలు పూర్తిగా ఉండి పంచుతున్నవారిని సీడ్‌లు అంటారు. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లో సీడ్‌ల గడిలో 3 అని, పక్కన బ్రాకెట్లో 45 అని ఉంటే, గుంపులో ఉన్న 45 సీడ్‌లలో మనకు కలిసినవి మూడే అని తెలుసుకోవాలి. బ్రాకెట్లో కూడా సున్నాయే ఉంటే మన రౌటర్‌ను ఎంత సవరించినా ప్రయోజనం ఉండదు. అవైలబిలిటీ అనే గడిలో అంకె 1 కంటే తక్కువగా ఉన్నప్పుడు మనకు కలిసినవారందరి దగ్గరున్న ముక్కలను కలిపినా ఆ ఫైలు పూర్తి కాదు. 97 శాతం దగ్గర రోజుల తరబడి ఆగిపోయే డౌన్‌లోడ్‌లకు సాధారణంగా ఇదే కారణం. ఇంటర్నెట్ ఆర్కైవ్ పుస్తకాలకు తరచుగా వేరే సీడ్‌లు ఉండవు, ఆర్కైవ్ సర్వర్లే వెబ్ సీడ్‌లుగా ఫైలును అందిస్తాయి. వెబ్ సీడ్‌ను గుర్తించని సాఫ్ట్‌వేర్ వాడితే ఆ పుస్తకం ఒక్క పేజీ కూడా దిగదు.

సందేహం తీరాలంటే తాజా ఉబుంటు టొరెంట్‌ను పది నిమిషాలు నడిపి చూడాలి. దానికి సీడ్‌లు పుష్కలంగా ఉంటాయి. అది లైను వేగానికి దగ్గరగా దిగితే మన ఇల్లు నిర్దోషి, మనకు కావలసిన ఫైలుకే సీడ్‌లు చాలడం లేదు. అదీ నెమ్మదిగానే వస్తే లోపం ఇంట్లోనో లైనులోనో ఉంది.

ఇంట్లో అన్నిటికంటే ఎక్కువగా పొరపాటు జరిగేది అప్‌లోడ్ పరిమితి దగ్గర. మనం ఏదైనా దించుకుంటున్నంతసేపూ, అందిన ప్రతి విడత డేటాకూ ముట్టిందన్న రశీదు వంటి చిన్న సమాచారం మన వైపు నుంచి వెనక్కి వెళ్లాలి. టొరెంట్ మన అప్‌లోడ్ దారినంతా ఆక్రమిస్తే ఆ రశీదులు రౌటర్‌లో వరుస కడతాయి, అవి ఆలస్యమైన కొద్దీ అవతలివారు పంపడం తగ్గిస్తారు. అదే సమయంలో ఇంట్లో వీడియో కాల్ కూడా తెగిపోతుంటే అప్‌లోడ్ నిండిపోయిందనడానికి అది గట్టి సూచన. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ వచ్చిందనుకుందాం. అంటే సెకనుకు సుమారు 2500 కిలోబైట్లు. అందులో 80 శాతం, అంటే 2000, పరిమితిగా పెట్టాలి. క్యూబిట్‌టొరెంట్‌లో ఈ గడిలో సున్నా వేస్తే అసలు పరిమితే లేదని అర్థం, కనుక ఆ పొరపాటు చేయకూడదు.

అలాగని మరీ తగ్గించినా నష్టమే. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన ఈ పద్ధతి ఇచ్చిపుచ్చుకోవడం మీదనే నిలబడింది. ఫైలు ఇంకా పూర్తికాని పీర్ (గుంపులోని ఒక కంప్యూటర్) ప్రతి 10 సెకన్లకోసారి తనకు ఎవరు బాగా ఇస్తున్నారో చూసి వారికే పంపుతుంది, 30 సెకన్లకోసారి మాత్రం కొత్తవారికి ఒక అవకాశం ఇస్తుంది. మనం సెకనుకు 5 కిలోబైట్లు మాత్రమే ఇస్తూ కూర్చుంటే, ఆ కొత్తవారి అవకాశం కోసం ఎదురుచూడటం తప్ప మిగిలేది ఉండదు.

ఇక రెండో పెద్ద కారణం, బయటివారు మనల్ని చేరలేకపోవడం. సాఫ్ట్‌వేర్ అడుగున ఉండే సూచిక ఫైర్‌వాల్ అడ్డు ఉందని చెబుతుంటే, మనం ఇతరులను పిలవగలుగుతున్నాం గాని ఇతరులు మనల్ని పిలవలేకపోతున్నారు. విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇవ్వాలి, తెరిచిన ప్రతిసారీ పోర్ట్ (బయటివారు మనల్ని చేరే ద్వారం నంబరు) మారే ఎంపికను తీసివేసి ఒకే పోర్ట్ స్థిరంగా ఉంచాలి, తరువాత రౌటర్‌లో యూపీఎన్‌పీ (సాఫ్ట్‌వేరే అడిగి పోర్ట్ తెరిపించుకునే సదుపాయం) తెరవడమో, ఆ పోర్ట్‌ను మన కంప్యూటర్‌కు మళ్లించడమో చేయాలి.

ఇవన్నీ చేసినా సూచిక మారకపోతే రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ చిరునామా (నెట్ సంస్థ మన రౌటర్‌కు ఇచ్చిన చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, నెట్ సంస్థ ఒకే బహిరంగ చిరునామాను అనేక ఇళ్లకు కలిపి ఇస్తోంది. ఐపీవీ4 అనే పాత తరహా ఇంటర్నెట్ చిరునామాల కొరత వల్ల వచ్చిన ఏర్పాటు ఇది. ఇటువంటి కనెక్షన్‌లో మన రౌటర్‌లో పోర్ట్ మళ్లించినా ఉపయోగం లేదు, ఎందుకంటే అడ్డు ఉన్నది మన రౌటర్‌కు అవతల. అప్పుడు రెండు దారులున్నాయి. సంస్థను అడిగి రుసుముపై స్టాటిక్ ఐపీ (మనకే కేటాయించిన, మారని బహిరంగ చిరునామా) తీసుకోవచ్చు, లేదా లైనులో కొత్త తరహా చిరునామా ఐపీవీ6 వస్తుంటే దాన్ని రౌటర్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ చేతనం చేసి, రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్‌కు దారి ఇవ్వవచ్చు. ఖర్చులేని రెండో దారినే ముందు ప్రయత్నించమని నా సలహా.

వైఫై విషయానికి వస్తే, విశాఖపట్నంలోని ఎంవీపీ కాలనీ, సీతమ్మధార వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ఒక్క ఫోనులో చూస్తేనే ఇరుగుపొరుగు రౌటర్ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు 1, 6, 11 మాత్రమే కనుక అక్కడ రద్దీ సహజం. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే వేగం పెరుగుతుంది, కాని అది గోడలు దాటి అంత బాగా పోదు. ఈ ఊహాగానాలకన్నా కంప్యూటర్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి చూడటమే నిక్కచ్చి పరీక్ష. బీచ్ రోడ్డుకు దగ్గరగా, కిటికీలు తెరిచే ఉంచే ఇళ్లలో ఆ కేబుల్ కొసను కూడా వెలుతురులో పట్టుకుని పరిశీలించాలి. ఉప్పుగాలికి లోహం త్వరగా పాడవుతుంది. బంగారు రంగులో మెరవవలసిన ఎనిమిది సన్నని పిన్నుల మీద ఆకుపచ్చని తుప్పో నల్లని మచ్చలో కనబడితే కొస కత్తిరించి కొత్త కనెక్టర్ వేయించుకోవాలి. ఎనిమిది తీగలలో నాలుగే పనిచేస్తుంటే లింకు 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది, కాబట్టి 200 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నవారికి సగం వేగమే అందుతుంది.

చవక రౌటర్లు మరీ ఎక్కువ కనెక్షన్లను ఒకేసారి మోయలేవు. మొత్తం కనెక్షన్లను 200కు, ఒక్కో టొరెంట్‌కు 50కి తగ్గించి చూడండి. పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా దించుతుంటే మానేసి కంప్యూటర్ డిస్క్ మీదికి దించండి. వీపీఎన్ (నెట్ రాకపోకలను వేరే సర్వర్ మీదుగా పంపే సేవ) నడుస్తుంటే పరీక్ష అయ్యేంతవరకు ఆపండి.

కేబుల్‌తో కలిపినా, ఉబుంటు టొరెంట్‌తో చూసినా, స్పీడ్ టెస్ట్‌లోనూ వేగం తక్కువే వస్తే అప్పుడు లైనును అనుమానించాలి. ఫైబర్ మోడెం మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర దీపం వెలిగితే కాంతి సంకేతం అందడం లేదని అర్థం. దీపం వెలగకపోయినా మోడెం పేజీలో ఆప్టికల్ పవర్ (అందుతున్న కాంతి బలం) రీడింగ్ చూడవచ్చు. ఇళ్లకు వచ్చే సాధారణ ఫైబర్ లైన్లలో అది మైనస్ 27 డీబీఎంకు చేరుతుంటే సంకేతం అంచున ఉన్నట్టే. డాబా మీదుగా దిగి వచ్చే తీగ కిటికీ రెక్కకూ చట్రానికీ మధ్య నలిగినా, మూల దగ్గర గట్టిగా వంగినా కాంతి తగ్గిపోతుంది, దాన్ని మనమే కళ్లతో చూసి గుర్తించవచ్చు. తుపాను గాలుల తరువాత స్తంభాల మీది తీగ సాగినా ఇదే ఫలితం, అయితే అది సంస్థ సరిచేయవలసిన పని. ఫిర్యాదులో నెట్ స్లోగా ఉందని మాత్రమే రాయకుండా, కేబుల్‌తో వచ్చిన వేగాన్ని, పరీక్షించిన సమయాన్ని, ఆప్టికల్ పవర్ అంకెను కలిపి రాయండి. అంకె చూసినవారు రౌటర్ ఆపి వేయమని చెప్పి సరిపెట్టకుండా పవర్ మీటరుతో మనిషిని పంపే అవకాశం ఎక్కువ.