టీనేజ్ డిటెక్టివ్ నవల రాద్దాం – 4వ పాఠం: ఊరు ఇచ్చే ఆధారం

గత పాఠంలో మన డిటెక్టివ్‌ని తయారు చేసుకున్నాం. పద్నాలుగేళ్ల అమ్మాయి, ఇటలీలోని వెనిస్‌లో పుట్టి పెరిగింది, తాతయ్య దగ్గర పడవ నడపడం నేర్చుకుంది. నేరం కూడా తేల్చుకున్నాం. ఇంటి పక్క వర్క్‌షాప్‌లోంచి ఒక పాత ఫోర్కొలా మాయమైంది. ఫోర్కొలా అంటే తెడ్డు ఆనించడానికి పడవ అంచున నిలబెట్టే చెక్క కొమ్ము. ఎక్కువగా వాల్‌నట్ కలపతో, నడిపే మనిషికి తగ్గట్టు చెక్కుతారు. అక్కడి వాళ్లు నిలబడి, ముందుకు చూస్తూ తెడ్డు వేస్తారు కాబట్టి అది లేకపోతే పడవ అడుగు ముందుకు కదలదు. హత్య వద్దు, ఇలాంటి దొంగతనం చాలు అన్నది గుర్తుంది కదా? పోలీసులు పెద్దగా పట్టించుకోని నేరమైతేనే పిల్లలకి పరిశోధించే సందు దొరుకుతుంది.

ఈ పాఠంలో ఊరిని కథలోకి దించుదాం. ముందుగా మీ కథకి చిన్న పరీక్ష పెట్టండి. వెనిస్ అన్నచోటల్లా కొట్టేసి విజయవాడ అని రాయండి. కాలువలూ వంతెనలూ అక్కడా ఉన్నాయి. పేర్లు మార్చి చదివినా కథ సాఫీగా నడిచిపోతే మీరు విదేశం వెళ్లింది ఫొటోలు దిగడానికే. మన దగ్గర విదేశాల్లో జరిగే డిటెక్టివ్ కథల్లో చాలావాటికి ఇదే జబ్బు. మొదటి అధ్యాయంలో విమానం దిగుతారు, రెండో దాంట్లో చూడాల్సిన చోట్లన్నీ వర్ణిస్తారు, మూడో అధ్యాయం నుంచి ఏ ఊరైనా ఒకటే.

ఊరు ఎలా ఉంటుందో తర్వాత రాయొచ్చు. ముందు ఎలా నడుస్తుందో నోట్‌బుక్‌లో రాసుకోండి. వెనిస్‌లో కార్లు ఊరి అంచున పియాజ్జాలె రోమా అనే కూడలి దగ్గరే ఆగిపోతాయి, లోపలంతా నడక, లేదా పడవ. రోజూ తిరగడానికి స్థానికులు ఎక్కేది వాపొరెట్టో అనే బస్సులాంటి మోటారు పడవ. మీ అమ్మాయిని స్కూలుకి టూరిస్టులెక్కే గొండోలా పడవలో పంపారంటే అక్కడి పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. కారు లేకపోవడం మనకి పెద్ద వరం కూడా. పిల్లల డిటెక్టివ్ కథలో అన్నిటికంటే కష్టమైన పని, పెద్దవాళ్లు తోడు లేకుండా పిల్లని ఊరంతా తిప్పడం. హైదరాబాద్‌లో అయితే ఆటో ఎవరు ఎక్కించారు, డబ్బులెవరిచ్చారు, అమ్మకి ఏం చెప్పింది అని మూడు పేజీలు పోతాయి. వెనిస్‌లో పద్నాలుగేళ్ల పిల్ల నడిచి ఎక్కడికైనా వెళ్లగలదు, ఎవరూ వింతగా చూడరు.

ఇంటి నంబర్లు చూడండి. వెనిస్ ఆరు పేటలుగా ఉంటుంది: కన్నరేజియో, కస్తెల్లో, సాన్ మార్కో, దోర్సొదూరో, సాన్ పోలో, సాంతా క్రోచె. నంబర్లు వీధికి వేరుగా ఉండవు, పేట మొత్తానికి కలిపి వేల దాకా వెళ్తాయి. కాబట్టి చీటీలో ‘1044’ అని మాత్రమే ఉంటే పేట తెలియనిదే తలుపు దొరకదు. ఒక్కో పేటలో అదే నంబరు వెతుక్కుంటూ తిరగాలి. ఒక అధ్యాయం ఉచితంగా వచ్చినట్టే. అయితే ఇది పిల్లని తిప్పడానికి పనికొచ్చే ఆధారం. దొంగని పట్టించేది వేరే కావాలి.

దాని కోసం కథకి ఒక తేదీ పెడదాం. 2022 అక్టోబర్ 30, ఆదివారం తెల్లవారుజాము. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఇటలీలో మూడు కొట్టగానే మళ్లీ రెండవుతుంది. అంటే ఆ రాత్రి రెండున్నర రెండుసార్లు వస్తుంది. డిటెక్టివ్ కథ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇక సాక్షి. వర్క్‌షాప్ ఉన్నది కన్నరేజియోలో. పై అంతస్తులో కా ఫోస్కరి యూనివర్సిటీలో చదివే రాజమండ్రి కుర్రాడు అద్దెకి ఉంటాడు. తెలుగువాణ్ణి ఇరికించాలని కాదు, ఇతని పని ఇతనికుంది. చుట్టుపక్కల ఇళ్లు చాలావరకు టూరిస్టులకి అద్దెకిచ్చినవే. ఆ ఏడాదే పాత నగరంలో నివాసుల సంఖ్య యాభై వేల కిందకి పడిపోయింది. కాబట్టి ఆ రాత్రి మెలకువగా ఉండి చప్పుడు విన్నది ఇతనొక్కడే అంటే పాఠకుడు నమ్ముతాడు. కుర్రాడు వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడుతుండగా కింద ఇనుప షట్టర్ లేచిన చప్పుడైంది. ఫోన్‌లో టైమ్ చూశాడు, 2:30.

అనుమానితుడు వర్క్‌షాప్‌లో పనిచేసే సహాయకుడు. ఆ రాత్రి దోర్సొదూరోలో స్నేహితుల విందులో ఉన్నాడు. మూడు గంటలకి పావుగంట ముందు, గడియారాలు ఇంకా మారకముందే, అక్కణ్ణుంచి బయల్దేరాడని పదిమంది చెబుతారు. చప్పుడైంది రెండున్నరకైతే అప్పటికి అతను విందులోనే ఉన్నాడు. కేసు అక్కడే ఆగిపోయింది.

కానీ ఏ రెండున్నర? మొదటిదైతే అతను నిర్దోషి. రెండోదైతే విందు నుంచి బయల్దేరిన నలభై అయిదు నిమిషాలకి షట్టర్ లేచింది. నడిచి రావడానికి చాలినంత టైమ్. గంట మార్పు సంగతి పోలీసులకి తెలియదని మాత్రం రాయకండి. ఇటలీలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పోలీసులూ ఇదే ప్రశ్న వేస్తారు. కుర్రాడు నిద్రమత్తులో ఉన్నాడు, చెప్పలేడు. ఒక చెక్క కొమ్ము కోసం ఫోన్ కంపెనీ రికార్డులు తెప్పించేంత ఓపిక ఎవరికీ లేదు.

జవాబు రాజమండ్రిలో ఉంది. మన దేశంలో గడియారాలు మార్చరు. మొదటి రెండున్నర అయినప్పుడు అక్కడ ఉదయం 6, రెండో రెండున్నరకి 7. వాళ్లమ్మ ఫోన్‌లో ఆ కాల్ ఎన్నింటిదో చూస్తే దొంగ దొరికిపోతాడు.

ఇప్పుడు అసలు కష్టం: ఈ ఆధారాన్ని పాఠకుడి ముందే పెట్టాలి, కానీ అతని కన్ను దానిమీద ఆగకూడదు. చివర్లో అమ్మాయి హఠాత్తుగా ‘రాజమండ్రి ఫోన్ చూద్దాం’ అంటే మోసం. అలాగని నాలుగో అధ్యాయంలో ‘అప్పుడు అక్కడ ఏడైంది’ అని విడిగా రాస్తే తెలివైన పాఠకుడు అక్కడే విప్పేస్తాడు. నేనైతే మూడో అధ్యాయంలో, మనవాళ్లు ఇంకా దొంగతనం గురించి కూడా మాట్లాడుకోని చోట, కుర్రాడి చేత సణిగిస్తాను: “మా అమ్మ ఎప్పుడూ ఇంతే. మాట మధ్యలో ‘ఏడింటికి నీళ్లొస్తాయి నాన్నా, కుళాయి వచ్చేసింది, మళ్లీ చేస్తా’ అని పెట్టేసింది.” పాఠకుడు నవ్వుకుని ముందుకెళ్తాడు. గంట మార్పు విషయం వేరే అధ్యాయంలో, స్కూల్లో ఎవరో ఒక గంట ఎక్కువ నిద్రపోయానని గొప్పలు చెప్పుకునే చోట వస్తుంది. ఈ రెండూ ఒకే పేజీలో పడకుండా చూసుకోండి, కనీసం రెండు అధ్యాయాల దూరం ఉండాలి.

తేదీ పెట్టాక నీటి సంగతి కూడా చూసుకోవాలి. వెనిస్ అనగానే మోకాలిలోతు వరద రాయాలనిపిస్తుంది. 1966 నవంబర్ 4న పోటు నీటిమట్టం (వీధిలో లోతు కాదు) 194 సెంటీమీటర్లకి, 2019 నవంబర్ 12న 187కి చేరింది. కానీ 2020 అక్టోబర్ 3 నుంచి మోసె అనే అడ్డుకట్టలు పెద్ద పోటుని సముద్రం దగ్గరే ఆపుతున్నాయి. మన కథ 2022లోది కాబట్టి ఊరంతా మునిగినట్టు రాస్తే తప్పు. వరదే కావాలంటే కథని 2019కి జరపండి. అప్పుడు గడియారాల తేదీ కూడా మారుతుంది, ఆ ఏడాది అది అక్టోబర్ 27. ఒకటి కదిపితే మిగతావి చూసుకోక తప్పదు, అందుకే తేదీలన్నిటికీ నోట్‌బుక్‌లో ఒకే పేజీ ఉంచమంటాను.

ఈ వారం అభ్యాసం. కుర్రాడు సణిగే సన్నివేశాన్ని మీ మాటల్లో రెండు వందల పదాల్లో రాయండి. ‘ఏడు’ అన్న మాట ఒక్కసారే రావాలి, అదీ పేరా మధ్యలో. రాశాక ఇంట్లో ఎవరికైనా ఇచ్చి చదివించి, అందులో ఏం జరిగిందో అడగండి. కుళాయి గురించి చెప్పి టైమ్ గురించి చెప్పకపోతే పాసయ్యారు. టైమే మొదట చెప్పారంటే అమ్మ మాటల్లో ఇంకో గొడవ, పనిమనిషి రాలేదనో గ్యాస్ అయిపోయిందనో, చేర్చి మళ్లీ ప్రయత్నించండి.

వచ్చే పాఠంలో ఆ సహాయకుణ్ణి ప్రశ్నించాలి. పద్నాలుగేళ్ల పిల్ల అడిగితే పెద్దవాడు ఎందుకు జవాబు చెప్తాడు అన్న చిక్కు ఉంది కదా, అక్కణ్ణుంచే మొదలుపెడదాం.