ఆఫీసు ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌కి పిలిచారా? అమెరికాకు కొత్తగా వచ్చినవారికి 2026 డ్రాఫ్ట్ సూచనలు

ఫిబ్రవరి చివర్లో ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతారు: మా ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో ఒక టీమ్ ఖాళీ ఉంది, చేరతారా అని. చేరండి. బేస్‌బాల్ అంతగా తెలియకపోయినా ఫరవాలేదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా టీమ్‌లో అందరితో రోజూ మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. కానీ డ్రాఫ్ట్ రోజుకి, అంటే అందరూ కలిసి తమ ఆటగాళ్లని ఎంచుకునే రోజుకి, సిద్ధపడకుండా వెళ్తే ఆ ఆర్నెల్లూ అడుగునే ఉంటారు.

మనలో చాలామందికి ఫాంటసీ అంటే డ్రీమ్11 అలవాటు. మ్యాచ్‌కో టీమ్, కెప్టెన్‌కి రెట్టింపు పాయింట్లు. అక్కడ కోహ్లీని లక్షమంది ఒకేసారి తీసుకోవచ్చు. ఇక్కడ ఒక ఆటగాడు లీగ్‌లో ఒక్కరికే. మీ పక్కసీటాయన ఆరన్ జడ్జ్‌ని తీసుకున్నాడంటే సీజన్ అంతా జడ్జ్ ఆయనవాడే. కాబట్టి మీ వంతు వచ్చినప్పుడు ఎవరు గొప్ప అని చూస్తే చాలదు. ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ నా వంతు వచ్చేసరికి ఈ స్థానంలో ఎవరు మిగులుతారు అన్నది చూడాలి. డ్రాఫ్ట్ కోసం చేసే పనంతా ఈ లెక్క కోసమే.

ముందు కమిషనర్‌ని అడగాల్సినవి

లీగ్ నడిపేవారిని కమిషనర్ అంటారు. ఎన్ని టీమ్‌లు, స్కోరింగ్ ఏ పద్ధతి, డ్రాఫ్ట్ స్నేకా (వంతులవారీగా) ఆక్షనా (వేలంగా), లైనప్ (మీవాళ్లలో ఎవరిని ఆడిస్తారన్నది) రోజూ మార్చుకోవచ్చా, వారానికోసారేనా, ఒక క్యాచరా (మన వికెట్ కీపర్‌లా బ్యాటర్ వెనక కూర్చునేవాడు) ఇద్దరా... ఈ ఐదూ చేరే ముందే తెలుసుకోండి. ఇవి తెలియకుండా నెట్‌లో దొరికిన ర్యాంకింగ్ జాబితా పట్టుకుని వెళ్లడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. ఆ జాబితా ఏ స్కోరింగ్‌కి తయారైందో దానికే పనికొస్తుంది.

స్కోరింగ్‌లో పాతది రోటిసరీ పద్ధతి. 1980లో రచయిత డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన ఆట నుంచి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే రూపంలో పది విభాగాలుంటాయి. బ్యాటింగ్‌కి సగటు, రన్స్, హోమ్ రన్స్, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్ వల్ల జట్టుకి వచ్చిన రన్స్), స్టోలెన్ బేస్‌లు (ఎవరూ బంతి కొట్టకుండానే రన్నర్ పరుగెత్తి తర్వాతి బేస్ చేరడం). పిచింగ్‌కి (మన బౌలింగ్ లాంటిది) విన్స్ (పిచర్ ఖాతాలో పడే గెలుపులు), సేవ్స్ (చివర్లో వచ్చి జట్టు ఆధిక్యాన్ని కాపాడటం), స్ట్రైకౌట్స్ (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఈఆర్ఏ, విప్ (ఈ రెండిటి గురించి కింద ఉంది). పన్నెండు టీమ్‌ల లీగ్‌లో ఒక్కో విభాగంలో మొదటివారికి 12, చివరివారికి 1. మొత్తం 120. అన్ని విభాగాల్లో మూడోస్థానంలో ఉన్నా 100 వస్తాయి, అది చాలాసార్లు కప్పు గెలిచే స్కోరు. అందుకే హోమ్ రన్స్‌లో అందరికంటే ముందుండి స్టోలెన్ బేస్‌లలో చివర ఉన్న టీమ్‌కంటే, అన్నిట్లో కాస్త పైన ఉన్న టీమే నయం.

వారం వారం ఒకరితో ఒకరు తలపడే హెడ్ టు హెడ్ లీగ్‌లూ ఉన్నాయి, ప్రతి హిట్‌కీ అవుట్‌కీ ఇన్ని పాయింట్లని లెక్కగట్టేవీ ఉన్నాయి. పాయింట్ల లీగ్‌లో స్టోలెన్ బేస్‌ల విలువ తగ్గి, ఎక్కువ ఇన్నింగ్స్ వేసే స్టార్టర్ల (ఆట మొదలుపెట్టే పిచర్ల) విలువ పెరుగుతుంది.

క్రికెట్ కళ్లతో చూస్తే తప్పుదారి పట్టించే అంకెలు

బ్యాటింగ్ సగటు అంటే ఇక్కడ హిట్లను (బంతి కొట్టి బేస్ చేరిన సార్లు) అట్‌బ్యాట్‌లతో (లెక్కకొచ్చే బ్యాటింగ్ వంతులు) భాగిస్తే వచ్చేది. వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకి బ్యాటర్‌కి ఊరికే దక్కే మొదటి బేస్) లెక్కలోకి రావు. .300 కొట్టినవాడు చాలా మంచి బ్యాటర్. మేజర్ లీగ్ మొత్తం సగటు ఈ మధ్య .245 దగ్గర ఉంటోంది. 500 అట్‌బ్యాట్‌లలో .250కీ .280కీ తేడా పదిహేను హిట్లే, అంటే ఆర్నెల్లలో నెలకి రెండున్నర. ఇంత చిన్న తేడాని అదృష్టం అటూ ఇటూ చేసేస్తుంది. కాబట్టి సగటు చూసి ఎవరినీ తొందరగా తీసుకోకండి. హోమ్ రన్స్, స్టోలెన్ బేస్‌లు అంతకంటే నమ్మదగినవి.

ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి తీసేయగా మిగిలినవి). విప్ అంటే ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన వాక్‌లు, హిట్లు కలిపి. రెండూ తక్కువ ఉంటేనే మంచిది. 5.2 ఇన్నింగ్స్ అని కనిపిస్తే ఐదు ఇన్నింగ్స్, ఆపై రెండు అవుట్లు. మన ఓవర్లలో 5.2 రాసినట్టే, కాకపోతే ఇక్కడ మూడు అవుట్లకి ఇన్నింగ్స్ పూర్తి.

విన్ అనే విభాగం పిచర్ చేతిలో పూర్తిగా ఉండదు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ 2025లో 1.97 ఈఆర్ఏతో నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. అతని విన్స్ పది, ఓటములూ పదే. జట్టు రన్స్ కొట్టకపోతే ఎంత గొప్ప పిచర్‌కైనా విన్స్ రావు. అయినా స్కీన్స్‌ని తీసుకోవాల్సిందే. స్ట్రైకౌట్స్, ఈఆర్ఏ, విప్ విభాగాల్లో అతనిచ్చేది మరెక్కడా దొరకదు.

2026లో గమనించాల్సినవి

ముప్పై జట్లు, ఒక్కోదానికి 162 ఆటలు. మార్చి 25న శాన్ ఫ్రాన్సిస్కోలో యాంకీస్, జెయింట్స్ ఆటతో సీజన్ మొదలవుతుంది, మిగతా జట్లలో ఎక్కువ భాగం 26న దిగుతాయి. మీ డ్రాఫ్ట్ 24 రాత్రికల్లా ముగియాలి. మార్చి 5 నుంచి 17 వరకు వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఉంది, తారలు చాలామంది తమ దేశాలకు ఆడుతారు. 2023లో ఇదే పోటీలో మెట్స్ క్లోజర్ (ఆట చివర్లో వేసే పిచర్) ఎడ్విన్ డియాజ్ గెలుపు సంబరాల్లో మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. హ్యూస్టన్‌కి ఆడే హోసే అల్టూవేకి బొటనవేలు విరిగింది. అంతకు ముందే డ్రాఫ్ట్ చేసుకున్నవాళ్లు చేసేదేమీ లేకపోయింది. మీ మాట చెల్లితే డ్రాఫ్ట్ 18 తర్వాత పెట్టమని కమిషనర్‌ని అడగండి.

2023లో నియమాలు మారాయి. పిచ్ క్లాక్ వచ్చింది, బేస్‌లు 15 అంగుళాల నుంచి 18కి పెరిగాయి, బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు పిచర్ ఆ బేస్ వైపు బంతి విసరడానికి పరిమితి పెట్టారు. దాంతో స్టోలెన్ బేస్‌లు 2022లో 2,486 ఉన్నవి మరుసటి ఏడాది 3,503 అయ్యాయి. అందుకని పాత సలహాలు చదివి ఒక్క స్టోలెన్ బేస్‌ల కోసమే ఎవరినో ముందు రౌండ్లలో తీసుకోవద్దు. బేస్‌లు దొంగిలించేవాళ్లు ఇప్పుడు చాలామందే దొరుకుతారు. హువాన్ సోటో 2024లో 7 దొంగిలించి, 2025లో 38 దొంగిలించాడు. 43 హోమ్ రన్స్ కూడా కొట్టాడు. ఆ 38 మళ్లీ వస్తాయని డబ్బు పెట్టకండి. ఇరవై వస్తాయనుకుని ధర కట్టినా అతను మొదటి రౌండ్ ఆటగాడే.

ఈ ఏడాది కొత్తగా బాల్, స్ట్రైక్ (వేసిన బంతి కొట్టదగ్గ పరిధి బయటా, లోపలా) తీర్పుల మీద యంత్రానికి అప్పీలు చేసే వీలొచ్చింది. జట్టుకి రెండు ఛాలెంజ్‌లు, నెగ్గితే మిగులుతాయి. బ్యాటర్, పిచర్, క్యాచర్ మాత్రమే అడగొచ్చు, వెంటనే తల తట్టుకుని సైగ చేయాలి. ఆట చూస్తున్నప్పుడు ఇది అర్థం కావాలి గానీ, దీని కోసం ర్యాంకింగ్‌లు తిరగరాయక్కర్లేదు.

మైదానం మాత్రం లెక్కలోకి తీసుకోండి. డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తులో ఉంది. గాలి పలచన, బంతి దూరం పోతుంది, కర్వ్‌బాల్ సరిగా తిరగదు. అక్కడి పిచర్లని వదిలేయండి. సియాటిల్ మైదానం దీనికి ఎదురు, బ్యాటర్లకి కష్టం. అక్కడే ఆడుతూ క్యాచర్ కాల్ రాలీ 2025లో 60 హోమ్ రన్స్ కొట్టాడు. టాంపా బే రేస్ 2024 తుపాను దెబ్బకి మైదానం పైకప్పు పోయి 2025లో యాంకీస్ స్ప్రింగ్ మైదానంలో ఆడారు, ఈ ఏడాది సొంత గూటికి వస్తున్నారు. వాళ్ల నిరుటి హోమ్ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మొద్దు.

స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు జరిగే సన్నాహక ఆటల) స్కోర్లు అసలు చూడకండి. ఎదుట ఉన్నది సగం మంది మైనర్ లీగ్ వాళ్లు. చూడాల్సినవి మూడే. పిచర్ వేగం నిరుటికంటే తగ్గిందా, తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరికి అప్పగిస్తున్నారు, బ్యాటింగ్ ఆర్డర్‌లో ఎవరెక్కడ. ఆర్డర్‌లో ఒక్కో మెట్టు కిందికి దిగితే ఏడాదిలో పదిహేను, ఇరవై సార్లు బ్యాటింగ్ తగ్గుతుంది.

డ్రాఫ్ట్ లెక్క

స్నేక్ డ్రాఫ్ట్‌లో వరుస ప్రతి రౌండ్‌కీ తిరగబడుతుంది. పన్నెండు టీమ్‌లలో మీది ఆరో వంతు అయితే మీకు దక్కేవి 6, 19, 30, 43. మొదటి వంతు అయితే 1, 24, 25. ఈ అంకెలు కాగితం మీద రాసుకుని, పక్కన ఏడీపీ జాబితా పెట్టుకోండి. ఏడీపీ అంటే మిగతా డ్రాఫ్ట్‌లలో ఒక ఆటగాడు సగటున ఎన్నో వంతుకి పోతున్నాడో చెప్పే అంకె. ఏడీపీ 40 ఉన్నవాడిని 19కి తీసుకోనక్కర్లేదు, 30కి తీసుకోవచ్చు. 43 దాకా ఆగితే పోతాడు.

స్థానం వారీగా ఆటగాళ్లని అంతస్తులుగా విడదీసుకోండి. షార్ట్‌స్టాప్‌లలో (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్లు) ఒకే స్థాయివాళ్లు ఐదుగురు మిగిలి ఉంటే ఇప్పుడు ఆగొచ్చు. ఒక్కడే మిగిలితే ఆగకూడదు. ఒకే క్యాచర్ లీగ్‌లో రాలీ లాంటి ఒకరిద్దరిని వదిలేస్తే మిగతావాళ్లంతా చివర్లో దొరుకుతారు. ఇద్దరు క్యాచర్ల లీగ్‌లో అయితే పన్నెండు టీమ్‌లకి ఇరవై నలుగురు కావాలి, జట్లే ముప్పై, అప్పుడు ముందే చూసుకోవాలి.

పిచర్లు గాయపడటం ఎక్కువ. మోచేతికి టామీ జాన్ సర్జరీ అయితే ఏడాది, ఏడాదిన్నర కనపడరు. మొదటి ఐదు రౌండ్లలో ఒకరు, మహా అయితే ఇద్దరు స్టార్టర్లు చాలు. సేవ్స్ కోసం ఉద్యోగం గట్టిగా ఉన్న క్లోజర్ని ఒకరిని మధ్య రౌండ్లలో తీసుకోండి. రెండోవాడిని సీజన్‌లో పట్టుకోవచ్చు, ఎందుకంటే క్లోజర్లు నెలనెలా మారుతుంటారు.

ఆక్షన్ అయితే మామూలుగా 260 డాలర్లు, 23 మంది. ఏ క్షణానైనా మీరు పాడగలిగే గరిష్ఠం ఇంత: మిగిలిన డబ్బులోంచి, మిగిలిన ఖాళీల సంఖ్యకి ఒకటి తక్కువ తీసేయాలి. 50 డాలర్లు, ఆరు ఖాళీలు ఉంటే 45. మొదటి అరగంటలో డబ్బు దాచుకుని చివర్లో మిగిల్చినవాళ్లే ఎక్కువ నష్టపోతారు, మిగిలిన డాలర్ ఎందుకూ పనికిరాదు.

ఆ రాత్రి జాగ్రత్తలు

టైమ్ జోన్ చూసుకోండి. ఈ ఏడాది మార్చి 8న గడియారం గంట ముందుకి జరుగుతుంది, అరిజోనాలోని ఫీనిక్స్, చాండ్లర్ వైపు మాత్రం జరగదు. ఆ సమయానికి మీరు ఇండియాలో ఉంటే, ఈస్టర్న్ రాత్రి 8 అంటే మనకి మర్నాడు తెల్లవారుజామున 5.30.

రెండు రోజుల ముందే ఒకట్రెండు మాక్ (ప్రాక్టీసు) డ్రాఫ్ట్‌లు చేసి స్క్రీన్ అలవాటు చేసుకోండి. ఒక్కో వంతుకి నిమిషం, నిమిషంన్నరే ఇస్తారు. క్యూలో ఎప్పుడూ ఐదుగురి పేర్లు ఉంచండి. ల్యాప్‌టాప్‌తో పాటు ఫోన్లోనూ లాగిన్ అయి ఉండండి. ఇంటర్నెట్ తెగితే సైట్ ఆటోపిక్‌లోకి పోతుంది, తిరిగి వచ్చాక దాన్ని మీరే ఆపాలి. ఆపకపోతే అది తీసుకుంటూనే ఉంటుంది.

పేర్ల దగ్గర జాగ్రత్త. మాక్స్ మన్సీ అనే పేరుతో ఇద్దరున్నారు, ఒకరు డాడ్జర్స్‌లో, ఇంకొకరు అథ్లెటిక్స్‌లో. జట్టు చూసి నొక్కండి. బ్యాటింగూ పిచింగూ రెండూ చేసే డాడ్జర్స్ ఆటగాడు ఒహ్తానీ కొన్ని సైట్లలో బ్యాటర్‌గా ఒక పేరు, పిచర్‌గా ఇంకో పేరు. మరికొన్నిట్లో ఇద్దరూ ఒకరే. మొదటి వంతు మీదైతే ఇది ముందే తేల్చుకోవాలి.

డబ్బు విషయం

పందెం డబ్బు ఉంటే మీ రాష్ట్ర చట్టం చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో డబ్బు పెట్టి ఫాంటసీ ఆడటం చట్టవిరుద్ధం. రెడ్మండ్, బెల్‌వ్యూ వైపు ఉన్నవారు ఉచిత లీగ్‌లోనే ఉండండి. ఎక్కడైనా గెలిచిన డబ్బు ఆదాయం కిందే లెక్క, ట్యాక్స్ రిటర్న్‌లో చూపాలి.

ఆట చూడటానికి మేజర్ లీగ్ స్ట్రీమింగ్ సేవ ఎంఎల్‌బీ టీవీ కొనేముందు బ్లాకౌట్ గురించి తెలుసుకోండి. మీ ఊరి జట్టు ఆటలు దాని మామూలు ప్యాకేజీలో లైవ్‌గా రావు. డాలస్‌లో ఉండి రేంజర్స్ కోసం కొంటే డబ్బు వృథా.

మొదటి మూడు వారాలు

వారానికోసారి లైనప్ అయితే సోమవారం మొదటి ఆటకి ముందే సరిచేయాలి. ఆ వారంలో రెండుసార్లు వేసే స్టార్టర్లకి ప్రాధాన్యం ఇవ్వండి. అతని జట్టు అధికారికంగా ఇంజూర్డ్ లిస్ట్‌లో (ఐఎల్, గాయపడినవారి జాబితా) పెడితేనే ఆటగాడిని మీ ఐఎల్ స్లాట్‌లోకి మార్చగలరు. బ్యాటర్లకి కనీసం పది రోజులు, పిచర్లకి పదిహేను. ఇన్నింగ్స్ పరిమితి ఉందేమో చూడండి, యాహూ సైట్ రోటిసరీ లీగ్‌లలో మామూలుగా 1,400. ఏప్రిల్‌లో దొరికిన ప్రతి పిచర్‌నీ ఆడిస్తే ఆగస్టుకే అయిపోతుంది.

కొత్త ఆటగాళ్లని రహస్య వేలంలో తీసుకునే లీగ్ అయితే, సీజన్ మొత్తానికి తరచుగా 100 డాలర్ల లెక్క ఇస్తారు, ఇది నిజమైన డబ్బు కాదు. కొత్తగా క్లోజర్ అయినవాడు కనిపిస్తే మొదటి వారాల్లోనే పాతిక, ముప్పై పెట్టండి. మీరు నాలుగో రౌండ్లో తీసుకున్నవాడు రెండు వారాలు .180 కొట్టాడని మాత్రం వదలొద్దు. అప్పటికి అతను ఆడింది యాభై అట్‌బ్యాట్‌లే, మీరు వదిలిన గంటలో పక్కవాళ్లు ఎత్తుకుపోతారు.