ప్రణాళిక ఉన్నా పని కదలడం లేదా? జాతీయ మానవ హక్కుల సంస్థలకు సమస్య - పరిష్కారం

సమస్య: ప్రణాళిక బీరువాలో, సిబ్బంది ఫిర్యాదుల్లో

అన్నిటికంటే మొండి రోగం ఇదే. ఐదేళ్ల వ్యూహ ప్రణాళికలో జైళ్లు, వికలాంగుల హక్కులు, వలస కార్మికులు, విద్య అన్నీ ఉంటాయి. ఏడాది తిరిగేసరికి సిబ్బంది సమయమంతా విడివిడి ఫిర్యాదులకే ఖర్చయి ఉంటుంది.

కారణం: ఫిర్యాదుల పని ఎంత సమయం తింటుందో ప్రణాళిక రాసేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఏది పక్కన పెట్టాలో తేల్చుకోలేదు. 1993లో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఆమోదించిన పారిస్ సూత్రాలు ఇలాంటి సంస్థకు వీలైనంత విస్తృతమైన పరిధి ఉండాలన్నాయి. అంతమాత్రాన అన్నీ ఒకేసారి తలకెత్తుకోమని కాదు.

పరిష్కారం: గత మూడేళ్ల ఫిర్యాదుల రిజిస్టర్ ముందు పెట్టుకోండి. ఎవరి మీద, ఎక్కడ, ఏ హక్కు అని విడగొట్టండి. ఒకే జైలు నుంచి వైద్యం అందలేదని ఫిర్యాదులు వరసగా వస్తుంటే, ఫైలుకో లేఖ రాస్తూ పోతే లాభం లేదు. అక్కడ డాక్టర్ పోస్టు ఖాళీగా ఉందా? ఖైదీని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఎస్కార్ట్ దొరకడం లేదా? ఆ మూలం మీద ఒక విచారణ జరిపితే, ఫిర్యాదు చేయని ఖైదీలకు కూడా మేలు జరుగుతుంది. ప్రాణాపాయం, చిత్రహింసల ఫిర్యాదులు మాత్రం ఏ వరసలోనూ ఆగకూడదు.

ఇంకో మాట. రిజిస్టర్‌లో కనిపించనివాళ్లను మరిచిపోవద్దు. మానసిక వైద్యశాలలో ఉన్న మనిషి, యజమాని ఇంట్లోనే ఉండే పనిమనిషి మీ ఆఫీసు గడప తొక్కలేరు. ఫిర్యాదు రాలేదంటే ఉల్లంఘన లేదనుకోవడం చాలా ప్రమాదం. ప్రాధాన్యాలు ఖరారు చేసే ముందు అలాంటి చోట్లకు మీరే వెళ్లాలి.

సమస్య: సదస్సులు బోలెడు, మార్పు ఏమిటో చెప్పలేం

కారణం: జరిపిన కార్యక్రమాలనే ఫలితాలుగా లెక్కపెట్టడం.

పరిష్కారం: ప్రతి లక్ష్యం కింద ఒకే వాక్యం రాయండి: ఏ అధికారి లేదా ఏ శాఖ ఏ పనిని వేరేలా చేయాలి? ఈరోజు పరిస్థితి ఏమిటో కూడా పక్కనే రాసిపెట్టండి, లేకపోతే రేపు పోల్చడానికి ఏమీ ఉండదు. సిఫార్సులకు విడిగా రిజిస్టర్ ఉండాలి: ఆమోదించారా, అమలు చేశారా, జవాబే లేదా. జవాబు రానివాటిని వార్షిక నివేదికలో శాఖ పేరుతో సహా పెట్టండి. ఆ నివేదిక మీద పార్లమెంటులో చర్చ జరిగేలా పట్టుబట్టండి. పార్లమెంటుతో సంబంధాల గురించి చెప్పే 2012 నాటి బెల్‌గ్రేడ్ సూత్రాలు అందుకు మీకు ఆధారం.

సమస్య: కొత్త చైర్‌పర్సన్ రాగానే పాత ప్రణాళిక మూలకు

కారణం: సభ్యులందరి పదవీకాలం ఒకేసారి ముగియడం. పదవీకాలాలు అంచెలుగా ముగిసేలా నియామకాలు జరగాలంటే సాధారణంగా చట్టం మారాలి. ఈలోగా ప్రతి లక్ష్యానికీ ఒక శాశ్వత ఉద్యోగిని బాధ్యుడిగా పెట్టండి.

సమస్య: బడ్జెట్ కోత, ఏటా అదే టెన్షన్

కారణం: ప్రణాళికలో పనులే తప్ప వాటి ఖర్చు ఉండదు.

పరిష్కారం: కనీస అంచనా, పూర్తి అంచనా రెండూ వేసి పార్లమెంటుకు ఇవ్వండి. దాతల నిధులతో అదనపు ప్రాజెక్టులు నడపవచ్చు కానీ, ఫిర్యాదుల విచారణ లాంటి మూల విధులకు రాజ్యమే డబ్బివ్వాలి. జాతీయ మానవ హక్కుల సంస్థల ప్రపంచ కూటమి, పారిస్ సూత్రాలను పూర్తిగా పాటించే సంస్థకు తానిచ్చే ‘ఎ’ హోదాను ఐదేళ్లకోసారి తిరిగి పరిశీలించేటప్పుడు నిధులు సరిపోతున్నాయో లేదో చూస్తుంది. కాబట్టి ప్రణాళిక మధ్యకాల సమీక్షను ఆ పరిశీలనకు కనీసం ఏడాది ముందే పూర్తిచేసుకోండి.