పీహెచ్‌డీలో కొత్తగా చేరారా? ముందు ఓ సీనియర్‌ని పట్టుకోండి

రాజమండ్రి, కాకినాడ వైపు ఈ ఏడాది పీహెచ్‌డీలో చేరినవాళ్లకు ఒక మాట. గైడ్ ఎలాగూ ఉంటారు, మీకంటే ఏడాది ముందు చేరిన స్కాలర్‌ని కూడా ఒకరిని మంచి చేసుకోండి. ఐదో ఏట ఉన్నవాళ్లు వద్దు, థీసిస్ టెన్షన్‌లో వాళ్లకు మన మొహమే కనపడదు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టర్‌లో సలహా కమిటీ ముందు మన పని ఎంతవరకు వచ్చిందో చెప్పాలి. "ఏం అడుగుతారండీ?" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. అందుకే మీ సీనియర్‌ని, తను కమిటీకి ఇచ్చిన పాత రిపోర్టు చూపించమనండి. మా సీనియర్ ఇచ్చిన కాగితాల అంచుల్లో ఎర్ర ఇంకుతో "శాంపిల్ ఇంతే ఎందుకు?" అని మూడు చోట్ల ఉంది. నన్ను మొదట అడిగిందీ అదే! రిపోర్టు అడగమన్నది కాపీ కొట్టడానికి కాదు సుమండీ.

సీనియర్‌కి ఇప్పించే రోజ్‌మిల్క్ ఖర్చు మాత్రం మీదే.